దూడ అంత తొందరగా పుట్టదమ్మా

అమ్మాయికి ఆశీస్సులు.

నీ కథ అందింది. నొప్పుల మధ్య ఆవు తల తిప్పి తన డొక్కవైపు చూసుకుందని రాశావే, అది కళ్లారా చూసినవాళ్లే రాయగలరు. మరి అలా రాయగలిగినదానివి ఆ వెంటనే ఏం చేశావు? "రాత్రంతా టెన్షన్‌తో గడిచింది. తెల్లారేసరికి దూడ పుట్టింది." అంతే! చదవగానే నాకు ఒళ్లు మండింది. కథ ఉన్నదే ఆ రాత్రిలో. దాన్ని రెండు ముక్కల్లో దాటేసి, దూడ పుట్టాక మాతృత్వం గురించి పేజీన్నర రాశావు. ఆ పేజీన్నరా కొట్టేయి.

చూడి కట్టిన ఇంచుమించు 280 రోజులకు ఆవు ఈనుతుందని లెక్క. వారం పది రోజులు అటూ ఇటూ కావడం మామూలే కనక, కాపలా ఉండేవాడు ఆవునే చూస్తూ ఉండాలి. పొదుగు నిండిందా, చన్నులు బిగిసి మెరుస్తున్నాయా, తోక మొదట్లో రెండు పక్కలా కండ జారి గుంటలు పడ్డాయా, వెనక జిగురు తీగలు వేలాడుతున్నాయా. మేత ముట్టకుండా లేస్తూ పడుకుంటూ ఉందా. నీ కథలో నాన్న ఇవన్నీ తెలిసిన మనిషే కదా? ఆయన ఏ గుర్తు చూసి నిద్ర మానుకున్నాడో రాయి. టెన్షన్ అన్న మాట నువ్వు వాడక్కర్లేదు, చదివేవాడికి అదే పుడుతుంది.

గిట్టలు కనబడగానే ఆయన చేత తాడు కట్టించి లాగించేశావు. ఎందుకమ్మా అంత తొందర? ఉమ్మనీటి సంచి పగిలాక ముందుకాళ్లు, వాటిమీద ఆనుకుని మూతి రావాలి. గిట్టల అడుగులు నేలవైపు ఉన్నాయో పైకి ఉన్నాయో చూడాలి. పైకి ఉంటే అవి వెనక కాళ్లు కావచ్చు, వెంటనే డాక్టర్‌కి కబురు పెట్టాలి. అన్నీ సరిగా ఉంటే చెయ్యి పెట్టకుండా కూర్చోవాలి. గంట దాటినా కదలిక లేకపోతే అప్పుడూ డాక్టరే. లాగగల బలం ఉండి కూడా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న మనిషిని చూపించు. ఆయన ఎలాంటివాడో పాఠకుడికి అక్కడే తెలిసిపోతుంది.

నేను రాయడం మొదలుపెట్టిన రోజుల్లో ఇలాంటి రాత్రి మీదే ఒక కథ రాశాను. మనిషి దగ్గరికొస్తే చాలు, ఆ ఆవు లేచి నిలబడేది, నొప్పులు వెనక్కి పోయేవి. అందుకని లాంతరు వత్తి తగ్గించి, గోడవారన కూర్చుని, దాని ఊపిరి వింటూ ఉండిపోయాం. ఒక వారపత్రిక సంపాదకుడు ఆ భాగమంతా ఎర్రగీత కొట్టి, "ఇది కథా, పశువైద్య కరపత్రమా? త్వరగా విషయంలోకి రండి" అని తిప్పి పంపాడు. ఆయన దృష్టిలో విషయం అంటే ఆవు చచ్చిపోవడం! ఇప్పటికీ అదే ఫ్యాషన్. కథలోకి పశువు వచ్చిందంటే చివర్లో చావాలి, పాఠకుడు ఏడవాలి. నేను ఒక్క ముక్క మార్చలేదు. చాలాకాలం ట్రంకుపెట్టెలో పడి ఉండి, చివరికి ఒక చిన్న పత్రికలో రాసింది రాసినట్టే వచ్చింది. మాయ, అంటే దూడ తర్వాత బయటికొచ్చే పొర, పడేదాకా ఎవరూ అక్కణ్నుంచి కదల్లేదని రాసినందుకు ఒక పాడిరైతు మెచ్చుకుంటూ ఉత్తరం రాశాడు. అంతకు మించిన సమీక్ష నాకు ఇంతవరకు రాలేదు.

నీ కథలో మాత్రం దూడ లేచి నిలబడగానే అందరూ వెళ్లి పడుకున్నారు. దాని ముక్కులో జిగురు ఎవరు తుడిచారు? బొడ్డుకి అయోడిన్ ఎవరు రాశారు? మొదటి గంట రెండు గంటల్లో ముర్రుపాలు తాగిందా? మాయ మామూలుగా 12 గంటల్లోపు పడుతుంది. పడిందో లేదో చూసుకోవాలి, పడ్డాక ఆవు దాన్ని తినేయకుండా తీసేయాలి. అప్పటిదాకా ఆ ఇంట్లో ఎవరికి నిద్ర పడుతుంది?

పోటీలకు పంపాలా, కలంపేరు పెట్టుకోవాలా అని ఏవేవో అడిగావు. ముందు ఆ రాత్రి రాసి పంపు. దూడ ఆఖరి పేజీలో పుట్టినా పర్వాలేదు.