దుబాయ్ ఫ్లాట్ బుకింగ్ డబ్బు ఏజెంట్ అకౌంట్‌లో వేయొద్దు

అన్నా, ఇంకా కట్టని ఫ్లాట్‌కి బుకింగ్ డబ్బు ఈరోజే తన సొంత అకౌంట్‌లో వేయమని దుబాయ్ ఏజెంట్ అంటున్నాడన్నారు కదా, దయచేసి ఒక్క దిర్హామ్ కూడా వేయకండి. అక్కడ 2007 నాటి 8వ నంబర్ చట్టం ప్రకారం ఆఫ్ ప్లాన్, అంటే ఇంకా కట్టని ఫ్లాట్ కొనేవాళ్ల డబ్బు ఆ ప్రాజెక్ట్ ఎస్క్రో అకౌంట్‌లోకే, అంటే ఆ ప్రాజెక్ట్ కోసమే విడిగా తెరిచిన బ్యాంకు అకౌంట్‌లోకే వెళ్లాలి. ముందు అక్కడి ప్రభుత్వ ల్యాండ్ డిపార్ట్‌మెంట్ వాళ్ల దుబాయ్ రెస్ట్ యాప్‌లో ప్రాజెక్ట్ పేరు కొట్టి చూడండి, ఏజెంట్‌ని బ్రోకర్ నంబర్ అడిగి అదీ అందులోనే చెక్ చేసుకోండి. ఎస్క్రో అకౌంట్ నంబర్ మాత్రం అతను వాట్సాప్‌లో పంపింది నమ్మకుండా బిల్డర్ ఆఫీసుకి మీరే ఫోన్ చేసి అంకె అంకె సరిచూసుకోండి, నాకైతే అన్నిటికన్నా ఇదే ముఖ్యం అనిపిస్తుంది. ల్యాండ్ డిపార్ట్‌మెంట్ ఫీజు 4 శాతం, అది ఫ్లాట్ ధర కాక విడిగా. తర్వాత ఊకూద్ (ఇంకా కట్టని ఫ్లాట్లకి ల్యాండ్ డిపార్ట్‌మెంట్‌లో చేసే) రిజిస్ట్రేషన్ మీ పేరు మీదే అయిందో లేదో కాగితం తెప్పించుకుని చూడండి. ఈలోపు తొందరపెడితే ఆ ఫ్లాట్ పోతే పోనివ్వండన్నా.