ఆ చెత్త మళ్లీ ఎత్తేదెవరు?

అమ్మడూ,

నీ వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. మొదటిసారి నీ కోపం వినిపించింది, రెండోసారి ఏడుపు. ఫోన్ చేస్తే మాట మాటకీ అడ్డం వస్తావు, అందుకే రాస్తున్నాను.

మన బెంగళూరు రోడ్లు ఊడ్చే పౌరకార్మికులకు మూడు నెలలుగా జీతాల్లేవు. వాళ్లకి మద్దతుగా నిలబడ్డ మీలో సగం మంది వార్డు ఆఫీసు గుమ్మంలో చెత్త కుమ్మరిద్దామంటున్నారు. మిగతా సగం మంది ముందు అర్జీ పెడదాం, తర్వాత ఫ్రీడం పార్కులో కూర్చుందాం అంటున్నారు. మీరు వాళ్లని పిరికివాళ్లన్నారు, వాళ్లు మిమ్మల్ని రీల్స్ బ్యాచ్ అన్నారు. ఇంతేగా?

ఒక్కటి అడుగుతాను. గుమ్మంలో కుమ్మరించిన చెత్తని మళ్లీ ఎత్తేదెవరు? నువ్వు తొమ్మిదింటికి ల్యాప్‌టాప్ బ్యాగు తగిలించుకుని వైట్‌ఫీల్డ్ మెట్రో ఎక్కేస్తావు. పదింటికి మేస్త్రీ వచ్చి చీపురు ఎవరి చేతికిస్తాడు? ఆ ఆడవాళ్లకే కదా. ఎక్కడో కర్నూలు, అనంతపురం వైపు నుంచి తాతలనాడు వచ్చి, మూడు తరాలుగా ఈ ఊరు ఊడుస్తున్న మన తెలుగువాళ్లే.

నేను భయపడి ఇలా అంటున్నానని అనుకోకు. 2016 ఏప్రిల్ 18, సోమవారం. హోసూరు రోడ్డు మీద కూర్చున్న గార్మెంట్ ఫ్యాక్టరీ వాళ్లలో మీ అత్త కూడా ఉంది. యజమాని కట్టే పీఎఫ్ వాటా 58 ఏళ్లు నిండేదాకా తీసుకోకూడదని కేంద్రం కొత్త రూలు తెచ్చింది. కూతురి పెళ్లికో, ఊళ్లో ఇంటి కప్పుకో ఆ డబ్బే ఆధారం మాకు. యూనియన్ పిలవలేదు, కరపత్రం లేదు. కుట్టు మిషన్ల ముందు నుంచి ఒక లైన్ లేచింది, దాన్ని చూసి పక్క లైన్ లేచింది. మెడలో కొలత టేపు అలాగే వేలాడుతోంది, టిఫిన్ డబ్బా మిషన్ కిందే ఉండిపోయింది. తారు కాలిపోతోంది. తలెత్తితే పైన ఎలక్ట్రానిక్ సిటీ ఫ్లైఓవర్. దాని మీద కార్లు ఏమీ పట్టనట్టు పోతూనే ఉన్నాయి. అదెందుకో ఇప్పటికీ మర్చిపోలేను.

రెండో రోజుకి పీణ్య, తుమకూరు రోడ్డు కూడా నిండిపోయాయి. రాళ్లు పడ్డాయి, బస్సులు తగలబడ్డాయి, లాఠీలు, టియర్ గ్యాస్. ఆ సాయంత్రమే కార్మిక మంత్రి బండారు దత్తాత్రేయ, మన హైదరాబాదాయనే, రూలు వెనక్కి తీసుకుంటున్నామన్నారు. రెండే రోజుల్లో! మేం అర్జీలు పెట్టుకుంటూ కూర్చుని ఉంటే ఇప్పటికీ కూర్చునే ఉండేవాళ్లం. ఈ మాట మీ అర్జీల వాళ్లకి కూడా చెప్పు.

కానీ మా లైన్‌లో హెల్పర్ ఒకమ్మాయి ఉండేది. రోడ్డు పక్కన టీ తాగుతున్న ఆమె తమ్ముణ్ని పోలీసులు పట్టుకెళ్లారు. ఆ పిల్లాడు రాయి ముట్టలేదు. వాయిదాకి వెళ్లిన ప్రతిసారీ ఒక రోజు కూలి పోయేది. మా పీఎఫ్ మాకు దక్కింది. ఆ అమ్మాయి దాచుకున్నదంతా లాయరు ఫీజుకే పోయింది. పండగ చేసుకున్నవాళ్లలో ఎంతమందికి ఆమె గుర్తుందో!

చట్టం కూడా అలాగే ఉంటుంది. అయిదుగురు, అంతకు మించి చేరిన గుంపుని చట్టవిరుద్ధం అన్నారంటే, భారతీయ న్యాయ సంహిత 190వ సెక్షన్ కింద ఆ ఉమ్మడి ఉద్దేశం కోసం ఒకడు చేసిన నేరం అందరి మెడకీ చుట్టుకుంటుంది. 2021 ఆదేశం ప్రకారం బెంగళూరులో ధర్నా అంటే ఫ్రీడం పార్కులోనే. అది దాటితే కేసు. కేసు పడితే నీకు లీవు పోతుంది, కాంట్రాక్టు మనిషికి పనే పోతుంది. అందుకే ఇందులో నీ ఓటూ ఆమె ఓటూ ఒకటి కాదు.

అలాగని ఫ్రీడం పార్కుని తీసిపారెయ్యకు. 2022 జూలైలో పౌరకార్మికులు చీపుళ్లు పక్కన పెట్టి అక్కడే నాలుగు రోజులు కూర్చుని, పర్మనెంట్ చేస్తామని ముఖ్యమంత్రి దగ్గర రాతపూర్వకంగా హామీ తీసుకునే లేచారు. కూర్చున్నందుకు కాదే పిచ్చిదానా, ఊడవనందుకు! చెత్త తెచ్చి పొయ్యడం ఎవరైనా చేస్తారు. దాన్ని ఎత్తకుండా ఉండగలిగే బలం వాళ్లొక్కరికే ఉంది. మీ రెండు జట్లలో ఒక్కరికైనా ఈ ముక్క తట్టిందా?

మన నెల్లూరు జిల్లా దూబగుంటలో 1990ల మొదట్లో జరిగిందీ అదే. అక్షరాస్యత క్లాసులో పాఠాలు రాసింది బయటివాళ్లే. సారా కొట్టు మూయించడానికి కదిలింది మాత్రం ఆ ఊరి ఆడవాళ్లు, ఎందుకంటే తాగొచ్చి కొట్టేది వాళ్ల మొగుళ్లే. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. మీ పని ఆ పాఠం రాయడం వరకే.

ఈ వారం వాట్సాప్‌లో వాదనలు ఆపు. తెల్లవారి ఆరింటికల్లా హాజరు వేసే చోటికి వెళ్లు. మీరు పిరికివాళ్లన్నవాళ్లలో ఒకణ్ని కూడా వెంట తీసుకెళ్లు. టీ తాగి, ఇద్దరూ నోరు మూసుకుని వినండి. మేస్త్రీ లేనప్పుడు అడగండి, ఉంటే ఒక్క మాట కూడా బయటికి రాదు. వాళ్లు ఏది తేల్చినా సరే, రోడ్డెక్కే ముందు రెండు సంగతులు మాట్లాడుకోండి: ఆపమని చెప్పేది ఎవరు, ఎవరైనా లోపలికి వెళితే వాళ్ల ఇంటి ఖర్చు ఎవరిది. రెండోదానికి మీ జీతాల్లోంచి ముందే డబ్బు తీసి పక్కన పెట్టండి. మీటింగులో ఎంతైనా కొట్లాడుకోండి గానీ ప్రెస్ వాళ్ల ముందు ఒకరి మీద ఒకరు చెప్పకండి. మేమా తప్పు చేసి ఒక యూనియన్‌ని రెండు చేసుకున్నాం.

లాయరు నంబరు ఫోన్‌లో సేవ్ చేసుకున్నానని ధీమాగా ఉండకు, ముందు లాక్కునేది ఫోనే. బాల్ పెన్నుతో చేతి మీద రాసుకో, చెమటకి చెరిగిపోకుండా మోచేతికి పైన.

మీ అత్త
బొమ్మనహళ్లి