పుణెలో 85 వేలు, హనుమకొండలో 62 వేలు: ఏది మిగులుతుంది?

మీ ప్రశ్న సారాంశం ఇది: హనుమకొండలో నెలకు 62 వేలు వస్తున్నాయి, పుణె కంపెనీ 85 వేలు ఇస్తానంటోంది, మహారాష్ట్రలో పన్నులు ఎక్కువంటున్నారు, వెళ్తే ఏమైనా మిగులుతుందా? అమ్మాయి ఎనిమిదో తరగతి, అబ్బాయి మూడో తరగతి అనీ, 2021లో కొన్న కారు ఉందనీ రాశారు. కుటుంబంతో కొన్నేళ్లు పుణెలో ఉండి తిరిగి వరంగల్ చేరినవాణ్ని కాబట్టి నా అభిప్రాయం చెబుతాను. పన్నుల సంగతి అంతగా పట్టించుకోకండి. ముందు అమ్మాయి చదువు సంగతి తేల్చుకోండి.

ఆదాయపు పన్ను కేంద్రానిది. కాజీపేటలో ఉన్నా పుణెలో ఉన్నా ఒకటే లెక్క. 85 వేలంటే ఏడాదికి 10 లక్షల 20 వేలు. కొత్త విధానంలో 2025-26 నుంచి జీతం మీద బతికేవారికి 12 లక్షల 75 వేల దాకా పన్ను పడదు. కనుక ఇక్కడా సున్నా, అక్కడా సున్నా. రాష్ట్రం నేరుగా మీ జీతంలోంచి తీసుకునేది వృత్తి పన్ను. దానికి రాజ్యాంగంలోని 276వ అధికరణమే ఏడాదికి 2,500 రూపాయల పరిమితి పెట్టింది. తెలంగాణలో మీ జీతానికి నెలకు 200 చొప్పున 2,400 కడుతున్నారు. మహారాష్ట్రలో పదకొండు నెలలు 200, ఫిబ్రవరిలో 300 కోస్తారు. మొత్తం 2,500. తేడా వంద రూపాయలు. ఈ వంద గురించి భోజన విరామమంతా వాదించుకున్న సహోద్యోగులు నాకున్నారు!

అసలు తేడా వేరే బిల్లుల్లో కనిపిస్తుంది. మహారాష్ట్రలో ఇంటి కరెంటు బిల్లు మీద 16 శాతం విద్యుత్ సుంకం పడుతుంది. తెలంగాణలో అది యూనిట్‌కు 6 పైసలు. ఇక్కడ రేషన్ కార్డు మీద 200 యూనిట్ల దాకా ఉచిత కరెంటు పొందుతున్న ఇల్లయితే, అక్కడి మొదటి బిల్లు చూసి ఉలిక్కిపడటం ఖాయం. పెట్రోలు విషయంలో మాత్రం మనదే భారం: తెలంగాణలో వ్యాట్ 35.2 శాతం. పుణెలో లీటరు కొంచెం చవకే, కానీ ఆఫీసు దూరం పెరిగితే ఆ లాభం వారంలోనే ఆవిరైపోతుంది.

అద్దె దగ్గర నిజమైన దెబ్బ తగులుతుంది. నయీంనగర్‌లో పది వేల లోపు దొరికే రెండు పడక గదుల ఇంటికి, పుణెలో ఐటీ కంపెనీలుండే హింజెవాడీకి దగ్గరగా వాకడ్ వైపు మేము పాతిక వేలకు పైగానే ఇచ్చాం. బ్రోకరుకు ఒక నెల అద్దె, యజమానికి అడ్వాన్సు అదనం. మహారాష్ట్రలో అద్దె ఒప్పందాన్ని తప్పనిసరిగా రిజిస్టర్ చేయాలి, చట్టం ఆ బాధ్యతను యజమాని మీదే పెట్టింది. ఖర్చు మాత్రం చాలాచోట్ల చెరిసగం అంటారు. ఒప్పందం సాధారణంగా పదకొండు నెలలకే కాబట్టి ఏడాది తిరగకుండానే మళ్లీ అద్దె పెంపు మాట వస్తుంది. పెరిగే 23 వేలలో పదిహేను, పదహారు వేలు అద్దెకే పోతాయని రాసి పెట్టుకోండి. మిగిలినదానిలో బడి ఫీజులు, పండుగ ప్రయాణాలు. బతుకమ్మకు, దసరాకు నలుగురు వచ్చిపోయే ఖర్చును ఎవరూ ముందుగా లెక్కలో వేసుకోరు. బియ్యం, కారం మేము ఊరి నుంచే తీసుకెళ్లేవాళ్లం. అక్కడి కారంతో పచ్చడి కలిపితే మా అమ్మ ఒప్పుకోలేదు.

కారు విషయానికి వద్దాం. వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే అక్కడ మళ్లీ రిజిస్టర్ చేయించాలి. దానికి ఇక్కడి రవాణా శాఖ నుంచి ఫారం 28 మీద ఎన్‌వోసీ, అంటే నిరభ్యంతర పత్రం, తీసుకోవాలి. చలాన్లన్నీ కట్టి ఉండాలి, లోను ఉంటే బ్యాంకు అంగీకార పత్రం కావాలి. తర్వాత మహారాష్ట్రలో బండి వయసును బట్టి పన్ను కట్టి, ఇక్కడ ముందే కట్టిన జీవితకాల పన్నులో మిగిలిన భాగాన్ని తిరిగి అడగాలి. కట్టడం సులువు, వాపసు రాబట్టుకోవడానికి ఓపిక కావాలి. మీ కొత్త కంపెనీకి నాలుగు, అంతకు మించిన రాష్ట్రాల్లో కార్యాలయాలుంటే పాత బండినైనా దేశమంతా చెల్లే బీహెచ్ (భారత్) సిరీస్ నంబరులోకి మార్చుకోవచ్చు. పన్ను రెండేళ్లకోసారి కడితే చాలు, మళ్లీ రాష్ట్రం మారినా ఈ తిప్పలుండవు. అది కుదరకపోతే కారు ఇక్కడే అమ్మేయడం మేలని నా ఉద్దేశం.

ఇప్పుడు అమ్మాయి. తెలంగాణలో ఎంబీబీఎస్ కన్వీనర్ కోటాకు స్థానికురాలు కావాలంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు వరుసగా ఇక్కడే చదివి, ఇంటర్ పరీక్ష ఇక్కడే రాయాలి. 2024లో జీవో 33తో వచ్చిన ఈ నియమం కోర్టుల్లో నలిగి, చివరికి 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టులో నిలిచింది. మీ అమ్మాయి ఎనిమిది అయిపోయి సరిగ్గా ఆ నాలుగేళ్ల గుమ్మంలో ఉంది. తొమ్మిది పుణెలో చదివితే, ఇంటర్‌కు తిరిగి తీసుకొచ్చినా లెక్క కుదరదు. ఇంజినీరింగ్ అయితే కొంత నయం: 85 శాతం సీట్లు స్థానికులవే అయినా, తల్లిదండ్రులు తెలంగాణలో పదేళ్లు నివసించి ఉంటే మిగతా 15 శాతంలో పోటీ పడవచ్చు. ఆమెకు డాక్టరు కావాలన్న ఆలోచన ఏమాత్రం ఉన్నా, ఒక ప్రైవేటు సీటు ఫీజు ముందు మీ పదేళ్ల జీతం పెంపు కూడా చాలదు. మేము తిరిగి వచ్చేయడానికి కారణం ఇదే. మా వాడి ఎనిమిదో తరగతి పూర్తవగానే సామాను సర్దేశాం.

అబ్బాయికి ఇంకో చిక్కు ఉంది. రాష్ట్ర ప్రభుత్వోద్యోగాల్లో 95 శాతం స్థానికులకే, ఆ స్థానికతను 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఒకటి నుంచి ఏడో తరగతి వరకు చదివిన చోటును బట్టి తేలుస్తారు. పైగా అక్కడి బడుల్లో మరాఠీ తప్పనిసరి, ఇక్కడికి తిరిగొస్తే పదో తరగతి దాకా తెలుగు తప్పనిసరి. చిన్నపిల్లలు భాష తొందరగానే పట్టేస్తారు, కానీ మధ్యలో వదిలేసిన తెలుగును మళ్లీ చదివించడానికి మా ఆవిడ పడ్డ పాట్లు నాకు తెలుసు.

కాబట్టి అమ్మాయికి మెడిసిన్ ఆలోచన ఉంటే మీరొక్కరే వెళ్లడం ఒక దారి. ఇద్దరు ముగ్గురితో కలిసి ఉంటే అద్దె పది వేల లోపు తెమలవచ్చు, కానీ రెండు కాపురాల ఖర్చు, నెలనెలా రాకపోకలు చూసుకోవాలి. మెడిసిన్ ఊసే లేదంటారా, నలుగురూ వెళ్లండి. అప్పుడు కూడా 85 వేలకు కాదు, లక్షకు దగ్గరగా అడగండి. 85 అన్నది చేతికొచ్చేదా, పీఎఫ్, గ్రాట్యుటీ కలిపిన మొత్తమా అన్నది రాతపూర్వకంగా తేల్చుకోండి, సామాను తరలించే ఖర్చు కంపెనీదే అని రాయించుకోండి. వాళ్లకు హైదరాబాద్‌లో కార్యాలయం ఉందా అనీ అడగండి. ఉంటే, 75 వేలు ఇచ్చినా నేనైతే అటే వెళ్తాను.