తకిట తకిట తక: ర్యాప్‌లో డాన్స్‌హాల్ కలిపే పని

ప్రశ్న: ర్యాప్, జమైకా సంగీతమైన డాన్స్‌హాల్ కలిసిన ఆల్బమ్‌లు వినడం మొదలుపెట్టాలనుకుంటున్నాను. ఏ ఆల్బమ్‌తో మొదలుపెట్టాలి? అందులో ఏం గమనించాలి? (వరంగల్)

జవాబు: బూగీ డౌన్ ప్రొడక్షన్స్ 1987లో తెచ్చిన 'క్రిమినల్ మైండెడ్'తో మొదలుపెట్టండి. న్యూయార్క్‌లోని సౌత్ బ్రాంక్స్ బృందం అది. మాట కేఆర్‌ఎస్-వన్‌ది, పక్కన డీజే స్కాట్ లా రాక్. స్కాట్ ఒక నిరాశ్రయుల వసతి గృహంలో కౌన్సెలర్. అక్కడ తలదాచుకుంటున్న కుర్రాడే కేఆర్‌ఎస్-వన్. ఆల్బమ్ వచ్చిన ఏడాదే ఆగస్టులో స్కాట్‌ను కాల్చి చంపారు.

పది పాటల్లో ముందు మూడు వినండి. 'ది బ్రిడ్జ్ ఈజ్ ఓవర్' న్యూయార్క్‌లోనే ఇంకో పేట అయిన క్వీన్స్‌బ్రిడ్జ్ ర్యాపర్లకు విసిరిన సవాలు. అందులో అదేపనిగా తిరిగే పియానో వరుస, జమైకా గాయకుడు సూపర్ క్యాట్ పాట 'బూప్స్' నుంచి వచ్చింది. డ్రమ్ములు, ఆ పియానో, గొంతు: అంతకు మించి దాదాపు ఏమీ లేదు. 'రీమిక్స్ ఫర్ పీ ఈజ్ ఫ్రీ'లో ఇంకో జమైకా గాయకుడు ఎల్లోమ్యాన్ 'జంగుజంగు' బాణీ చెవిన పడుతుంది. '9ఎంఎం గోస్ బ్యాంగ్'లో ర్యాప్ మాటల్లా కాకుండా సగం పాటలా, ఊయల మీద ఊగినట్టు సాగుతుంది. జమైకా డీజేల కంఠధోరణి అదే. ఈ పాటను రెండుసార్లు వినండి: ఒకసారి మాటల కోసం, ఇంకోసారి మాటలు పట్టించుకోకుండా గొంతు ఎక్కడ పైకి లేస్తోంది, ఎక్కడ కిందికి దిగుతోంది అని మాత్రమే. రాగం నాలుగైదు స్వరాలు దాటదు. అదే దాని బలం.

అన్నీ వజ్రాలేమీ కావు. 'సూపర్-హో' పాట మోటుగా ఉంటుంది, వదిలేసినా నష్టం లేదు. శబ్దం గరుకుగా ఉందని కంగారుపడకండి. ఈ ఆల్బమ్ వెనుక ఉన్న ఎస్‌పీ-12 లాంటి 12 బిట్ శాంప్లర్లలో (రికార్డుల ముక్కలు పట్టుకుని మళ్లీ మోగించే యంత్రాల్లో) కొద్ది సెకన్ల శబ్దమే పట్టేది. ఆ కాలంలో చాలామంది చేసిన ఉపాయం ఒకటుంది. 33 వేగం రికార్డును 45 మీద తిప్పి శాంపుల్ తీసుకుంటే అదే చోటులో మూడో వంతుకు పైగా ఎక్కువ సంగీతం పడుతుంది. తర్వాత పిచ్ దించుకుంటే శబ్దం కొంచెం బొంగురుపోతుంది. ఇవాళ కంప్యూటర్‌లో డబ్బులిచ్చి మరీ తెచ్చుకుంటున్న బొంగురు అదే.

ప్రశ్న: డీజే అంటే మన పెళ్లిళ్లలో పాటలు వేసేవాడు. జమైకాలో డీజే పాడతాడంటారేమిటి? (కాకినాడ)

జవాబు: అక్కడ రికార్డు తిప్పేవాడిని సెలెక్టర్ అంటారు. మైకు పట్టి లయ మీద మాటలు పేల్చేవాడు డీజే. వాద్య సంగీతాన్ని రిడిమ్ అంటారు. ఒకే రిడిమ్ మీద పది ఇరవైమంది తలో పాట కడతారు, అందులో చిన్నతనం లేదు. కింగ్‌స్టన్‌లో పుట్టి పన్నెండేళ్ల వయసులో బ్రాంక్స్ చేరిన కూల్ హెర్క్, 1973 ఆగస్టు 11న 1520 సెడ్జ్‌విక్ అవెన్యూలో ఆడించిన పార్టీనే హిప్ హాప్ పుట్టుకగా చెప్పుకుంటారు. భారీ స్పీకర్ల అలవాటు ఆయనకు జమైకా సౌండ్ సిస్టమ్‌ల నుంచి వచ్చిందే. అందుకే డాన్స్‌హాల్‌ను ర్యాప్‌కు అతిథి అనడం కన్నా మేనమామ అనడం సబబు.

ప్రశ్న: హిప్ హాప్ బీటు మీద డాన్స్‌హాల్ బీటు పెడితే రెండూ చెడుతున్నాయి. గందరగోళంగా వినిపిస్తోంది. తప్పెక్కడ? (హైదరాబాద్)

జవాబు: తప్పు స్నేర్ (చురుక్కున కొట్టే డ్రమ్ము) దగ్గర. ఒక బార్‌ను (నాలుగు బీట్ల ఆవృత్తిని) 16 గళ్లుగా చూడండి. మామూలు హిప్ హాప్‌లో కిక్ (లోతుగా మోగే పెద్ద డ్రమ్ము) 1, 11 గళ్లలో, స్నేర్ 5, 13లో పడుతుంది. డాన్స్‌హాల్ కట్టుబడిలో సాధారణంగా కిక్ 1, 4, 9, 12లో, స్నేర్ 7, 15లో. రెండింటినీ కలిపేస్తే స్నేర్ 5, 7, 13, 15లో నాలుగుసార్లు మోగుతుంది. చెవికి ఏది ఆనిక అన్నది తెలియదు.

ఒక సమయంలో ఒక స్నేర్‌నే ఉంచండి. చరణంలో స్నేర్ 5, 13లోనే ఉండనిచ్చి, కిక్‌ను మాత్రం 1, 4, 7కూ 9, 12, 15కూ మార్చండి. అంటే ర్యాప్ ఒళ్లు, డాన్స్‌హాల్ కాళ్లు. పల్లవి రాగానే 5, 13 తీసేసి స్నేర్‌ను 7, 15కు జరపండి. 7, 15లో ఉన్న కిక్ తీసేయండి. కొత్త వాద్యం ఒక్కటీ చేర్చకుండానే పల్లవి లేచి నిలబడుతుంది.

రెండో పొరపాటు స్వింగ్. హిప్ హాప్ అలవాటుతో మొత్తం డ్రమ్ములకు 58 శాతం స్వింగ్ పెడతారు. స్వింగ్ సరి సంఖ్య గళ్లను మాత్రమే వెనక్కి నెడుతుంది. 96 బీపీఎంలో (నిమిషానికి 96 బీట్ల వేగంలో) 4, 12 గళ్ల కిక్‌లు దాదాపు 25 మిల్లీసెకన్లు ఆలస్యంగా పడతాయి. 7, 15 ఉన్నచోటే ఉంటాయి. దాంతో 1, 4, 7, మళ్లీ 9 అని నడిచే మూడు మూడు రెండు గళ్ల విరుపు కుంటుతుంది. కిక్, స్నేర్‌లకు స్వింగ్ వద్దు, 50 దగ్గరే ఉంచండి. ఊపు కావాలంటే హై-హ్యాట్‌లో (డ్రమ్ముల్లోని తాళాల చప్పుడులో) ఒకటి రెండు సరి గళ్లు పెట్టి వాటికే 54 ఇవ్వండి.

వేగం 92 నుంచి 100 మధ్య ఉంటే రెండు వైపులా సర్దుకుంటుంది. 84కు దిగితే డాన్స్‌హాల్ అడుగు ఈడ్చుకుపోతుంది. 108 దాటితే తెలుగు మాట నలిగిపోతుంది.

ప్రశ్న: ఇంగ్లిష్ ర్యాప్‌లో మాటలు టకటకా తెగుతాయి. తెలుగు మాటలన్నీ అచ్చులతో ముగిసి సాగిపోతున్నాయి. డాన్స్‌హాల్ లయకు ఎలా అమర్చాలి? (తెనాలి)

జవాబు: ఈ లయ మీకు తెలియనిదేం కాదు. మూడు, మూడు, రెండు. నోటితో అనండి: తకిట తకిట తక. ఎనిమిది మాత్రలు. బార్‌కు ఇది రెండుసార్లు. ముందు మాటల్లేకుండా 96 బీపీఎం మీద పది నిమిషాలు అనండి. ప్రతి 'త' దగ్గర చప్పట్లు కొట్టండి. ఆ చప్పట్లే కిక్‌లు.

ఇప్పుడు మాటలు. లఘువు ఒక గడి, గురువు రెండు గళ్లు.

గొడుగు మడిచి పద
తడిసి మెరిసి పద

ప్రతి పాదం 3+3+2. చివర 'పద' అంత్యప్రాస. తెలుగులో అంత్యప్రాస మరీ చవక, ఎవరైనా కట్టేస్తారు. పట్టు ఇస్తున్నది రెండో అక్షరం. గొడుగులో 'డు', తడిసిలో 'డి'. మన పద్యాల ప్రాస అదే, ర్యాప్‌కు అచ్చంగా సరిపోతుంది.

అన్నీ లఘువులైతే కుట్టు మిషన్ చప్పుడులా ఉంటుంది. ఇంగ్లిష్‌లోని ఆ తెగడం కావాలంటే ద్విత్వాక్షరాలు వాడండి. 'గట్టి దెబ్బ పడె' అనండి. ఇదీ 3+3+2. కానీ 'ట్టి', 'బ్బ' పలికే ముందు నోరు ఒక్క క్షణం మూసుకుంటుంది. ఆ నిశ్శబ్దమే మీకు కావలసిన కోత. చరణంలో వరుసగా నాలుగు పాదాలు లఘువులతో నడిపి ఐదోదానిలో రెండు ద్విత్వాలు దించండి, తేడా తెలుస్తుంది.

చాలామంది జారిపడేది 'చేస్తున్నాను', 'వెళ్తున్నాడు' లాంటి క్రియల దగ్గర. రెండు గురువులు పక్కపక్కన వస్తే నాలుగు గళ్లు పోతాయి, మూడు విరగదు. మీ ఊళ్లో మాట్లాడే పొట్టి రూపాలు వాడండి, లేదా ఆ క్రియను 7వ గడి నుంచి మొదలుపెట్టి తర్వాతి 'తకిట' మీదకు సాగనివ్వండి. ఒక గడి ఖాళీ వదిలినా పాపం కాదు. ప్రతి గడినీ నింపాలనే తాపత్రయమే పాటను ఊపిరాడకుండా చేసేది.

ప్రశ్న: జమైకా యాసలో పాడితేనే డాన్స్‌హాల్ అనిపిస్తుందా? (విశాఖపట్నం)

జవాబు: అక్కర్లేదు. ఆ యాస ఒక జనం ఇంటి భాష, వేషం కాదు. బర్మింగ్‌హామ్‌లో పుట్టిన అపాచీ ఇండియన్ అక్కడి కరీబియన్ ఇరుగుపొరుగు మధ్య పెరిగి, ఆ మాటలో పంజాబీ కలిపి 1993లో 'నో రిజర్వేషన్స్' ఆల్బమ్ తెచ్చాడు. ఆయన నోట అది అతికింది. మీరు తీసుకోవలసింది లయనూ, గొంతు ఎత్తిపడేసే తీరునూ. శ్రీకాకుళం మాటకు పాదం చివర సహజంగానే ఒక సాగుడు ఉంది. దాన్ని వదులుకుని 'మాన్, మాన్' అంటే నవ్వుకుంటారు.

ప్రశ్న: గొంతుకు ఎకో పెడితే మాటలు కలగాపులగం అవుతున్నాయి. తీసేస్తే డాన్స్‌హాల్ పోతోంది. (బెంగళూరు)

జవాబు: ఎకోను పాటంతా తెరిచి ఉంచడమే మీ తప్పు. దాన్ని వేరే ట్రాక్ మీద పెట్టి, పాదంలోని చివరి మాటకు మాత్రమే గొంతును అటు పంపండి, వెంటనే ఆపండి. సమయం లెక్క ఇలా: 60,000ను బీపీఎంతో భాగించండి. 96కు 625 మిల్లీసెకన్లు, అంటే ఒక బీటు. అందులో ముప్పావు 469. ఇది మూడు గళ్లు, మన 'తకిట' అంతే. ఎకో కూడా లయలోనే తిరుగుతుంది.

ఫీడ్‌బ్యాక్ (ఎకో ఎంతసేపు తిరిగి మోగాలన్నది) 30 నుంచి 40 శాతం. ఎకో ట్రాక్‌లో 300 హెర్ట్జ్ కింద, 4,000 పైన కోసేయండి. బేస్‌కూ, సకారాల బుసకూ అడ్డు రాదు. రికార్డింగ్‌లో నోటికి, మైకుకు మధ్య జానెడు దూరం చాలు. అరిచే పాదాలున్నాయి కనుక గెయిన్ (మైకు నుంచి లోపలికి వచ్చే శబ్దం మట్టం) ముందే తగ్గించి, అత్యధికంగా మైనస్ 6 డెసిబెల్స్ దగ్గర ఆగేలా చూసుకోండి. పగిలిన గొంతును ఏ ప్లగిన్ అతికించలేదు.

ప్రశ్న: స్టూడియోలో దద్దరిల్లే బేస్ ఫోన్‌లో మాయమవుతోంది. (నిజామాబాద్)

జవాబు: ఫోన్ స్పీకర్ 200 హెర్ట్జ్ కింద దాదాపు ఏమీ పలకదు. మీ బేస్ 45, 50 దగ్గర ఉంది. ఆ ట్రాక్‌కు నకలు తీసి, దానికి డిస్టార్షన్ (శబ్దాన్ని గరుకు చేసే ఎఫెక్ట్) ఇచ్చి, 200 కింద అంతా కోసేసి, అసలు బేస్ కన్నా 10 డెసిబెల్స్ తక్కువలో కలపండి. చెవి పై స్వరాలు విని కింది స్వరాన్ని ఊహించుకుంటుంది. స్కేల్ ఎంచుకునేటప్పుడూ చూసుకోండి: ఎఫ్ (సుమారు 44 హెర్ట్జ్) నుంచి ఏ (55) దాకా మూల స్వరం ఉంటే పెద్ద స్పీకర్ల మీదా బాగా కొడుతుంది. సీ లాంటి వాటిలో కిందికి వెళ్తే 33 దగ్గర పడుతుంది, మామూలు బాక్సులు గడగడలాడతాయి తప్ప మోగవు.

ప్రశ్న: పాత జమైకా రిడిమ్ మీద మా ఆల్బమ్ చేసుకోవచ్చా? అక్కడ అందరూ వాడుకుంటారుగా! (న్యూజెర్సీ)

జవాబు: వాళ్లలో వాళ్లు వాడుకోవడం వేరు, మీరు అమ్మడం వేరు. 1985లో జమైకా నిర్మాత కింగ్ జామీ, గాయకుడు వేన్ స్మిత్ కలిసి తెచ్చిన 'స్లెంగ్ టెంగ్' రిడిమ్‌కు మూలం కాసియో ఎంటీ-40 అనే చిన్న కీబోర్డులో ముందే పొదిగిన లయ. అది చూసి రిడిమ్‌లంటే ఊరి బావి అనుకుంటారు. కానీ జమైకా నిర్మాతల జంట స్టీలీ అండ్ క్లీవీ 1989లో చేసిన 'ఫిష్ మార్కెట్' లయ విషయంలో అమెరికా కోర్టులో 2021లో దావా పడింది. ప్రతివాదుల్లో డాడీ యాంకీ, లూయిస్ ఫాన్సీ లాంటి పెద్ద పేర్లున్నాయి.

రికార్డింగ్‌కు ఒక హక్కు, బాణీకి ఇంకో హక్కు. రెండింటికీ వేర్వేరు అనుమతులు కావాలి. నెట్‌లో కొన్న బీటు అయితే లీజా, పూర్తి హక్కా అన్నది కాగితం మీద చూసుకోండి. లీజులో సాధారణంగా ఎన్నిసార్లు ప్లే కావచ్చో పరిమితి ఉంటుంది, అదే బీటును ఇంకొకరికీ అమ్ముతారు. అన్నిటికన్నా సులువు, పైన చెప్పిన 16 గళ్లలో మీ కిక్, మీ తప్పెట, మీ బేస్ వరుస పెట్టుకోవడం. తప్పెట శబ్దాన్ని 7, 15 గళ్లలో స్నేర్ బదులు వేసి చూడండి. 180 హెర్ట్జ్ కింద కోస్తే కిక్‌తో తగాదా పడదు.