రాత్రి ప్రయాణానికి ముందు హెడ్‌లైట్లు సరిచూసుకోవడం గురించి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీవు సెకండ్ హ్యాండ్‌లో కొన్న వ్యానులో అల్లం బస్తాలు వేసుకుని, జయపురం నుంచి సాలూరుకు రాత్రిపూట తిరగబోతున్నావని మీ అమ్మ చెప్పింది. సుంకి ఘాట్ దిగేలోగా ఆ బండి లైట్ల ఎత్తు తప్పక సరిచూసుకో.

టైర్లలో గాలి సరిగా పట్టించి, ఎత్తుపల్లాలు లేని చోట, గోడకు ఎదురుగా లైట్లు 10 మీటర్ల దూరంలో ఉండేలా బండిని నిలబెట్టి, డ్రైవర్ సీటులో ఎవరినైనా కూర్చోబెట్టు. లైటు నడిమి భాగం నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో టేపుతో కొలిచి, గోడ మీద అదే ఎత్తున సుద్దతో ఒక అడ్డగీత, దానికి 10 సెంటీమీటర్ల దిగువన మరొకటి గీయి. డిమ్ వేసినప్పుడు వెలుగు పై అంచు ఈ కింది గీత మీద ఉండాలి; లైటు దగ్గర శాతమేదైనా ముద్రించి ఉంటే, ఆ లెక్కనే దించు; 1.2 శాతమైతే 12 సెంటీమీటర్లు. ఎడమవైపు ఆ అంచు ఏటవాలుగా పైకి లేచి కనిపిస్తే కంగారుపడకు. రోడ్డు పక్కన నడిచేవారూ మలుపు రాళ్లూ కనబడడానికే అలా చేస్తారు.

లైటు వెనుక సాధారణంగా రెండు స్క్రూలు ఉంటాయి: ఒకటి ఎత్తుకు, మరొకటి పక్కలకు. రెండో లైటుకు అట్టముక్క అడ్డం పెట్టి, సగం చుట్టు చొప్పున తిప్పుతూ గోడ వైపు చూడు.

అసలు చిక్కు బరువుతో వస్తుంది. వెనుక బస్తాలు పడగానే ముందు భాగం లేస్తుంది; ఒక్క డిగ్రీ లేచినా 50 మీటర్ల దూరంలో వెలుగు దాదాపు 87 సెంటీమీటర్లు పైకి పోయి, ఎదురొచ్చే డ్రైవరు కళ్లలో పడుతుంది. ఘాట్ మలుపులో అతనికి క్షణంపాటు దారి కనబడకపోతే ఆ ప్రమాదం నీకూ తప్పదు. డాష్‌బోర్డు మీద లైట్ల ఎత్తు మార్చే చక్రం ఉంటే, గోడ దగ్గర సున్నాలో ఉంచి, సరుకు ఎక్కించాక బరువును బట్టి 2కో 3కో తిప్పు. అది లేకపోతే, రోజూ వేసే బరువు వేసుకునే గోడ దగ్గరికి వెళ్లు.

పాత యజమాని మామూలు హాలోజన్ బల్బు తీసేసి ఎల్‌ఈడీ బిగించి ఉంటే మాత్రం ముందు దానిని మార్చు. హాలోజన్ కోసం చేసిన అద్దంలో అది సరిగ్గా కుదరక వెలుగు అంచే చెదిరిపోతుంది, స్క్రూలు ఎంత తిప్పినా ఫలితం ఉండదు.

ఆదివారం బండి ఇటు తీసుకురా, మా గోదాము ముందు నేల చదునుగానే ఉంది. చీకటి పడ్డాక ఇద్దరం కలిసి చూద్దాం.

ఇట్లు,
మీ మామయ్య,
కోరాపుట్