వెబ్‌సైట్లు తయారు చేసేవారి పని ఎలా ఉంటుంది?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ కంప్యూటర్స్ రెండో సంవత్సరం చదువుతోంది. వెబ్‌సైట్లు తయారు చేసే ఉద్యోగంలో చేరతానంటోంది. రాత్రిళ్లు ఇతరుల సైట్లు తెరిచి వాటి కోడ్ చూస్తూ కూర్చుంటుంది. ఇది కాపీ కొట్టడం కాదా? కోర్సుకు ఫీజు కట్టమంటారా? – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: కాదండీ. ఈ వృత్తిలో ఉన్నవారిలో చాలామంది అలా చూసి నేర్చుకున్నవారే. 1993 ఏప్రిల్ 30న, వెబ్ పుట్టిన యూరప్ పరిశోధన సంస్థ సెర్న్, వెబ్ సాంకేతికతను ఎవరైనా రుసుము లేకుండా వాడుకోవచ్చని ప్రకటించింది. కంప్యూటర్ బ్రౌజర్‌లో కుడి క్లిక్ చేసి ‘వ్యూ పేజ్ సోర్స్’ నొక్కితే ఏ పేజీ హెచ్‌టీఎంఎల్ (పేజీని రాసే కోడ్) అయినా కనిపిస్తుంది. దాన్ని చదివి పద్ధతి గ్రహించడం చదువే. యథాతథంగా తెచ్చుకుని తనదని చెప్పుకోవడం మాత్రం తప్పు. ఈ తేడా మీ అమ్మాయికి స్పష్టంగా తెలిసి ఉండాలి.

ఉద్యోగంలోనూ సొంతంగా రాయడం కంటే ఇతరులు రాసింది చదవడానికే ఎక్కువ సమయం పడుతుందని నా అభిప్రాయం. చాలా బృందాలలో ఉదయం ‘స్టాండప్’ అనే చిన్న సమావేశంలో నిన్న ఏం చేశారో, ఇవాళ ఏం చేస్తారో, పని ఎక్కడ ఆగిందో చెప్పుకుంటారు. చేసిన మార్పును గిట్‌లో (కోడ్ మార్పుల చరిత్రను దాచే సాధనం) కమిట్ చేసి, అంటే నమోదు చేసి, దాన్ని చేర్చుకోమని ‘పుల్ రిక్వెస్ట్’ అనే విన్నపం పెడితే, సహోద్యోగి వరుస వరుసా చదివి, లోపాలు రాసి, సరిదిద్దాక ఒప్పుకుంటేనే అది సైట్‌లోకి వెళ్తుంది. శుక్రవారం సాయంత్రం మార్పులు ఎక్కించకూడదన్న నియమం కూడా చాలాచోట్ల పాటిస్తారు. ఏదైనా చెడితే శని, ఆదివారాలు దానికే పోతాయి.

ఈ పనిలో ఓపిక ఎంత అవసరమో తెలుగు పేజీ ఒక్కటి చేసి చూస్తే తెలుస్తుంది. ఇంగ్లిష్ అక్షరాల కొలతకు లైన్ హైట్ (వరుస ఎత్తు) పెట్టి, పెట్టె దాటిన భాగాన్ని దాచమని సీఎస్ఎస్‌లో (పేజీ రూపాన్ని నిర్ణయించే కోడ్) రాస్తే, ‘రాష్ట్రం’ అన్న మాట కింద ఒత్తులు తెగిపోతాయి. ఆ ఎత్తు పెంచి, చవక ఫోన్‌లో మళ్లీ చూడాలి. మామూలు అక్షరాలకూ వెనుక రంగుకూ మధ్య తేడా కనీసం 4.5:1 నిష్పత్తిలో ఉండాలన్నది వెబ్ ప్రమాణాలు రూపొందించే సంస్థ డబ్ల్యూ3సీ పెట్టిన ప్రమాణం. మౌస్ ముట్టకుండా కీబోర్డ్‌తోనే పేజీ అంతా తిరగగలగాలి. చూపు లేనివారు చాలామంది అలాగే వాడతారు కాబట్టి ఈ పరీక్షను నేను అన్నిటికంటే ముఖ్యమైనదిగా భావిస్తాను.

ఫీజు ఇప్పుడే కట్టకండి. మీ ఊరి గ్రంథాలయం గురించి తెలుగులో నాలుగు పేజీల సైట్ చేసి, సైట్లను నెట్‌లో ఉంచే గిట్‌హబ్ పేజెస్ అనే సేవలో ఉచితంగా పెట్టమనండి. కాలేజీ సీనియర్ ఒకరిచేత తప్పులు రాయించుకుని, వాటిని ఒక్కొక్కటిగా సరిదిద్దే ఓర్పు ఆమెకు ఉంటే కోర్సు గురించి నిశ్చింతగా ఆలోచించవచ్చు. ఆ సైట్‌ను మొదట మీ ఫోన్‌లో మీరే తెరిచి, ఎక్కడ చదవడానికి ఇబ్బందిగా ఉందో ఆమెకు చెప్పండి.