పాఠకుల ప్రశ్నలు: శ్రీలంకలో సేవా సంఘాలు

ప్రశ్న: కొలంబో రోటరీ క్లబ్ మద్రాసు క్లబ్బు పెట్టిన శాఖేనని మా ఊరి రోటరీ సభలో ఒకరు చెప్పారు. నిజమేనా? (పాఠకుడు, కాకినాడ)

జవాబు: కాదు. ఆ రెండూ అన్నదమ్ములే కానీ తండ్రీకొడుకులు కావు. 1905లో షికాగోలో పాల్ హారిస్ మొదలుపెట్టిన రోటరీ, 1920 నాటికే కలకత్తా చేరింది. మిగతా రేవు పట్టణాలకు దాన్ని తెచ్చింది జేమ్స్ డేవిడ్‌సన్ అనే కెనడా వ్యాపారి. 1928లో భార్యనీ కూతురినీ వెంటబెట్టుకుని బయల్దేరి, దాదాపు మూడేళ్లపాటు ఏథెన్స్ నుంచి బ్యాంకాక్ దాకా తిరిగాడు. బొంబాయి, మద్రాసు, కొలంబో క్లబ్బులు మూడూ 1929లో పుట్టాయి.

అప్పట్లో ఒక్కో వృత్తి నుంచి ఒక్కరినే చేర్చుకోవాలన్నది రోటరీ నియమం. టీ వ్యాపారి ఒకరు, వకీలు ఒకరు, డాక్టరు ఒకరు. తెల్లవాళ్లకే పరిమితమైన క్లబ్బులున్న రోజుల్లో అన్ని జాతులవాళ్లూ ఒకే బల్ల దగ్గర భోంచేయడం చిన్న విషయం కాదు. అయితే ఆ బల్ల దగ్గర గుమాస్తాకి, కొట్లో పనివాడికి చోటు లేదు. మాటలన్నీ ఇంగ్లీషులోనే. అందుకే సేవా సంఘాల చరిత్రంటే రోటరీ, లయన్సే అనుకుంటే సగం లంక కనిపించదు.

ప్రశ్న: యుద్ధం ఆపి మరీ పోలియో చుక్కలు వేయించి, ఆ జబ్బుని రోటరీ తరిమేసిందని చదివాను. అదెలా సాధ్యమైంది? (పాఠకురాలు, ఒంగోలు)

జవాబు: ఇందులో రెండు సంగతులు కలిసిపోయాయి. ముందు మొదటిది. ప్రభుత్వం, యునిసెఫ్, రోటరీ కలిసి ఒక బృందంగా ఏర్పడి, లంక ఉత్తరాది తమిళ మిలిటెంట్లతో మాట్లాడి, చుక్కలు వేసే రోజుల్లో కాల్పులు ఆగేలా ఒప్పించిన మాట నిజం. ఆ బృందానికి పెద్దగా ఉన్న కె.ఆర్. రవీంద్రన్ 2015-16లో రోటరీ అంతర్జాతీయ అధ్యక్షుడయ్యారు. ఇలా పిల్లల టీకాల కోసం తుపాకులు పక్కన పెట్టడం 1985లో ఎల్ సాల్వడార్‌లో మొదలైంది.

కాల్పులు ఆగే తేదీ ముందే కుదుర్చుకోవడం ఎందుకంత ముఖ్యమంటే, పిల్లలకు వేసే టీకాలన్నిటిలోకీ వేడికి ముందు చెడేది పోలియో చుక్కల మందే. పెద్ద నిల్వలో మైనస్ 20 డిగ్రీల దగ్గర, ఊళ్లోకి తీసుకెళ్లేటప్పుడు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. ఐస్ ప్యాకులు పెట్టిన పెట్టె చెక్‌పోస్టు దగ్గర ఎండలో నిలిచిపోతే మందు పనికిరాదు. చూడ్డానికి మాత్రం మామూలుగానే ఉంటుంది. కాబట్టి "కాల్పులు ఆపుతాం" అంటే చాలదు. ఏ దారిన, ఏ బండి, ఏ రోజు అన్నది రెండు పక్షాలకీ ముందే తెలియాలి. పైగా ఒక్క విడతతో పని కాదు. నాలుగు నుంచి ఆరు వారాల తేడాతో ఐదేళ్ల లోపు పిల్లలందరికీ మళ్లీ రెండేసి చుక్కలు వేయాలి. అంటే ఒప్పందం కూడా రెండుసార్లు నిలబడాలి. సీసా మీద వేడికి రంగు మారే గుర్తు, గుండ్రంలో చదరం, 1996లో వచ్చింది. చదరం గుండ్రమంత ముదురు రంగుకి తిరిగితే ఆ సీసా పారేయాల్సిందే. ఆ గుర్తు రాకముందు ఐస్‌నీ థర్మామీటర్‌నీ నమ్ముకోవడమే.

ఇక రెండో సంగతి. లంకలో చివరి పోలియో కేసు నమోదైంది 1993లో. ఆ ఘనత ఎక్కువగా ఇంటింటికీ తిరిగే ప్రభుత్వ మంత్రసానులదీ, ఏటా ఆగకుండా సాగిన మామూలు టీకాలదీ. తర్వాతి విడతలు జబ్బు తిరిగి రాకుండా కాపు కాశాయి. రోటరీ పాత్ర తక్కువదని కాదు, పాత్ర ఏమిటో సరిగా చెప్పుకుంటే మంచిదని.

ప్రశ్న: ప్రపంచానికి కళ్లు పంపే శ్రీలంక నేత్రదాన సంఘం లయన్స్ క్లబ్బుదేనా? (పాఠకుడు, నిజామాబాద్)

జవాబు: 1925లో, అంధులకు అండగా నిలవమని హెలెన్ కెల్లర్ ఇచ్చిన పిలుపు విన్నప్పటి నుంచి లయన్స్‌కి చూపుతో అనుబంధం ఉంది కాబట్టి అలా అనిపించడం సహజం. కానీ ఈ సంఘం హడ్సన్ సిల్వా అనే లంక డాక్టరు 1961లో పెట్టినది. 1964లో తొలిసారి కళ్లు సింగపూర్ వెళ్లాయి. ఆ కాలంలో కంటిని తడి ఆరకుండా ఐస్‌లో పెట్టి పంపేవారు. ఒకటి రెండు రోజుల్లో అతికించకపోతే వృథా. ఇప్పుడు నిల్వ ద్రావణాల్లో కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) రెండు వారాల వరకూ ఆగుతుంది.

అక్కడ దాతలు అంతగా ముందుకు రావడానికి శిబి కథ కూడా తోడ్పడింది. మన భారతంలో శిబి పావురం కోసం తొడమాంసం కోసిస్తాడు, వాళ్ల జాతక కథలో కళ్లే ఇస్తాడు.

ఇంట్లో ఎవరైనా పోయినప్పుడు కళ్లు ఇవ్వాలనుకుంటే మన దగ్గర పద్ధతి ఇదీ. రెప్పలు మూసి, పైన తడి దూది పెట్టండి. తల కింద దిండు పెట్టి కాస్త ఎత్తండి. ఫ్యాన్ ఆపేయండి, గాలికి కార్నియా ఎండిపోతుంది. ఆరు గంటల్లోపు తీయాలి కాబట్టి బంధువుల కోసం ఆగకుండా ముందు నేత్రనిధికి (ఐ బ్యాంకుకి) ఫోన్ చేయండి. కళ్లజోడు, షుగరు, శుక్లాల ఆపరేషన్ అడ్డు కావు. రేబిస్, హెచ్.ఐ.వి., హెపటైటిస్ ఉంటే తీసుకోరు.

ప్రశ్న: ఆడవాళ్లకి ఈ సంఘాల్లో చోటెప్పుడు దొరికింది? (పాఠకురాలు, కర్నూలు)

జవాబు: రోటరీలో 1989లో, అదీ అమెరికా సుప్రీంకోర్టు 1987లో తీర్పిచ్చాక. లంక పల్లెల్లో మాత్రం 1930లోనే డాక్టర్ మేరీ రత్నం లంకా మహిళా సమితి మొదలుపెట్టారు. కెనడాలో పుట్టిన ఆవిడ అక్కడి గ్రామీణ మహిళా సంఘాల నమూనాని తెచ్చి, పరిశుభ్రత, పోషకాహారం, పెరటి తోటలు నేర్పించారు. 1958లో మెగసెసే అవార్డు అందుకున్నారు.

ప్రశ్న: క్లబ్ అన్న పేరు లేకుండా ఊళ్లలో ఇలాంటివి ఉన్నాయా? (పాఠకుడు, భువనగిరి)

జవాబు: మీది భువనగిరి కాబట్టి పోచంపల్లి నుంచే మొదలుపెడదాం. 1951లో అక్కడ భూదానానికి నాంది పలికిన వినోబా, ఆయన వెనక గాంధీ చెప్పిన మాట సర్వోదయం. ఈ పేరునే లంకలో ఎ.టి. అరియరత్నె అనే బడి పంతులు తన ఉద్యమానికి తీసుకున్నారు. 1958లో కొలంబో నలంద కాలేజీ విద్యార్థులతో కనతొలువ అనే ఊళ్లో మొదటి శ్రమదానం జరిగింది. సింహళంలోనూ ఆ మాట శ్రమదానమే.

దానికంటే పాతవీ, పెద్దగా ఎవరూ రాయనివీ మరణాధార సమితులు. సభ్యులు నెలనెలా చిన్న మొత్తం కడతారు. ఎవరింట్లోనైనా చావు జరిగితే సమితి డబ్బిస్తుంది. షామియానా, కుర్చీలు, వంటపాత్రలు సమితివే కాబట్టి అద్దె వెతుక్కోనక్కర్లేదు. ఇలాంటి సంఘాల్లో తేడా వచ్చేది సాధారణంగా బాకీల దగ్గరే. చందా ఎన్ని నెలలు కట్టకపోతే సాయం ఆగుతుందో ముందే పుస్తకంలో రాసుకోకపోతే, ఆ తగువు శవం ముందు మొదలవుతుంది.